సాగర్ ఎడమ కాలువ – ఢిల్లీ నుండి తూము దాకా

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం కోరినప్పుడు, రాజులు, కోటలు, శాసనాల జోలికి పోకుండా మనమంతా చేతులు పెట్టిన ఒక పనిని గురించి రాయడమే సబబని తోచింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పెన్షనర్లలో నీటిపారుదల శాఖవారు ఉన్నారు. రెవెన్యూవారు, వ్యవసాయ శాఖవారు, పంచాయతీరాజ్‌వారు, సహకార శాఖవారు ఉన్నారు. ఏ శాఖవారైనా సర్వీసులో ఏదో ఒక రోజు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఫైలు ముట్టనివారు అరుదు. గ్రామం, జిల్లా, రాష్ట్రం, కేంద్రం, ఆపైన వాషింగ్టన్‌లోని ప్రపంచబ్యాంకు – ఇన్ని అంతస్తుల పాలన ఒకే నీటిధార మీద కలిసిన చోటు మన జిల్లాల్లో ఇంకొకటి లేదు. ఈ అంతస్తులు ఎప్పుడు కలిసి నడిచాయి, ఎప్పుడు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి, అందులో మన పాత్ర ఏమిటి అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు రాష్ట్రాల ఉమ్మడి పని

సాగర్‌ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి పని మొదలైననాటికి ఆంధ్రప్రదేశే లేదు. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టవచ్చునన్న ఆలోచన నిజాం కాలపు ఇంజనీర్లది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ఈ సందర్భంలో తప్పక తలచుకోవాలి. అవతల మద్రాసు ప్రభుత్వం కృష్ణ నీటిని పెన్నకు మళ్లించే పథకం వేసుకున్నది. ఆ పథకం వస్తే కృష్ణ రెండు ఒడ్డులకూ నష్టమేనని గ్రహించి, నందికొండ కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టి ఊరూరా తిరిగినవారు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. ముక్త్యాల మన కోదాడకు పొరుగునే ఉన్న జగ్గయ్యపేట ప్రాంతం. ఒక రాష్ట్రంలోని జమీందారు, రెండు రాష్ట్రాలకూ పనికివచ్చే ఆనకట్ట కోసం పాటుపడటం ఆనాటి విశేషం.

కేంద్రం పాత్ర అక్కడ మొదలైంది. 1951 జులైలో ప్రణాళికా సంఘం కృష్ణా పరీవాహక రాష్ట్రాలను పిలిచి నీటి పంపకం మీద ఒక అవగాహన కుదిర్చింది. దానిని మైసూరు ప్రభుత్వం ఆమోదించలేదు. ఆ పేచీయే తరువాత ట్రిబ్యునల్ దాకా పోయింది. 1952లో కేంద్ర జలవిద్యుత్ సంఘాధ్యక్షుడు ఎ.ఎన్. ఖోస్లా నాయకత్వాన ఏర్పడిన కమిటీ నందికొండ స్థలమే మేలని తేల్చింది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి బెజవాడ గోపాలరెడ్డిగారు, హైదరాబాదు రాష్ట్రానికి బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రులు. కుడి ఒడ్డు ఒక రాష్ట్రం, ఎడమ ఒడ్డు మరొక రాష్ట్రం. ఖర్చు, సిబ్బంది, పని తీరు చూసేందుకు ఉమ్మడి కంట్రోల్ బోర్డు. అప్పు ఇచ్చేది కేంద్రం. మరుసటి ఏడు నవంబరు 1న రెండు రాష్ట్రాలూ ఒకటైనాయి కనుక ఆ ఉమ్మడి ఏర్పాటు సంగతి మనం మరిచిపోయాము. కాని ఇవాళ ఆనకట్ట మళ్లీ రెండు రాష్ట్రాల నడుమ నిలబడింది కనుక, ఆ మొదటి సంగతి గుర్తుచేసుకోవడం అవసరం.

ఆనకట్ట కడుతుండగానే కేంద్ర పురావస్తు శాఖ ఇక్కడ ఇంకొక పని చేసింది. మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల కాలపు కట్టడాలను, శిల్పాలను వెలికితీసి, ముఖ్యమైన వాటిని కొండమీదికి చేర్చింది. నీటికోసం చరిత్రను ముంచినా, దానిని లెక్కరాసి ముంచారని చెప్పవచ్చు. ఊళ్లు, పొలాలు వదులుకున్న కుటుంబాల త్యాగాన్ని మాత్రం అంత శ్రద్ధగా లెక్కరాయలేదన్నది కూడా ఇక్కడ చెప్పక తప్పదు.

1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అనీ, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అనీ పేర్లు. మన వాడుకలో ఎడమ కాలువ ఎడమ కాలువే.

కాలువ వచ్చిన ఊళ్లు, రాని ఊళ్లు

ఎడమ కాలువ తల దగ్గర 11,000 క్యూసెక్కుల నీరు పారేలా తవ్వారు. ఆయకట్టు దాదాపు పది లక్షల ఎకరాలు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు తడిపి, పాలేరు జలాశయంలో పడి, అక్కడినుండి ఖమ్మం జిల్లా మీదుగా కృష్ణా జిల్లా మెట్టభూములకు పోతుంది. జాన్‌పహాడ్ బ్రాంచి, ముక్త్యాల బ్రాంచి, వజీరాబాద్ మేజరు వంటి పేర్లు మన సభ్యులకు ఇంటిపేర్లంత పరిచయం.

ఇందులో మన మూడు పట్టణాల స్థితి మూడు రకాలు. మిర్యాలగూడ కాలువ తలకు దగ్గర. నీరు ముందు అందింది, వరి పెరిగింది, వరితోపాటు మిల్లులు వచ్చాయి. రాష్ట్రంలోనే పేరున్న బియ్యపు మిల్లుల పట్టణమైంది. ఆ బియ్యం మళ్లీ 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ గోదాముల ద్వారా దేశమంతటికీ పోయింది. కోదాడ కాలువ దిగువన ఉన్నది. ఎగువన వాడకం పెరిగిన ఏడు ఇక్కడ ఆ లోటు వెంటనే తెలుస్తుంది. సూర్యాపేట పరిసరాలు మాత్రం కాలువకు మీది మెట్ట. అక్కడికి సాగర్ ఎడమ కాలువ నీరు ఎక్కదు. సూర్యాపేటకు దగ్గరలో సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు కొంత ఆదుకున్నది. మిగిలిన మెట్టకు గోదావరి నీరే దిక్కని శ్రీరాంసాగర్ రెండవ దశ కోసం దశాబ్దాల పాటు ఎదురుచూసింది. ఒకే జిల్లాలో ఒక తాలూకా కృష్ణ మీద, మరొక తాలూకా మూసీ మీద, ఇంకొక మూల గోదావరి మీద ఆశ పెట్టుకోవడమంటే, ఒక్కొక్క తాలూకా ఒక్కొక్క పై అంతస్తు నిర్ణయం మీద ఆధారపడటమే.

నీరు వచ్చిన చోట కూడా సమస్య తీరలేదు. ప్రాజెక్టు ప్రణాళికలో ఆయకట్టును కొంత మాగాణిగా, మిగిలినది ఆరుతడిగా విభజించారు. ఆరుతడి భూమిలో జొన్న, వేరుశెనగ, పత్తి వంటివి వేయాలి. కాని కళ్లముందు కాలువ పారుతుంటే ఏ రైతు జొన్న వేస్తాడు? ఎగువన ఆరుతడి భూమిలోనూ వరి పడింది. ఎగువ ఒక్క ఎకరం అదనపు వరి, దిగువ ఒకటికి మించిన ఎకరాల ఆరుతడిని ఎండగడుతుంది. దీనిని ఆపడానికి రాజధానిలో ఎన్ని జీవోలు ఇచ్చినా, మేజరు మీద నిలబడి చెప్పగలిగింది ఒక వర్కు ఇన్‌స్పెక్టరు, ఒక లస్కరు మాత్రమే.

నీటి వాటా లెక్క

పై స్థాయిలో పెద్ద తగవును తీర్చినది 1969లో కేంద్రం వేసిన కృష్ణా జలవివాదాల ట్రిబ్యునల్. జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షులు. 1973లో నిర్ణయం, 1976లో తుది నివేదిక ఇచ్చింది. నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక దొరికే నీటిని 2,060 టి.ఎం.సి.లుగా లెక్కగట్టి, తిరిగివచ్చే నీటిని కూడా కలిపి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకు పంచింది. మన రాష్ట్రానికి మొత్తం 811 టి.ఎం.సి.లు దక్కాయి. టి.ఎం.సి. అంటే శతకోటి ఘనపుటడుగులు. సాగర్ కాలువలకు 264, అంటే ఒక్కొక్క కాలువకు 132.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ట్రిబ్యునల్ ఇచ్చినది అంకె మాత్రమే. ఆ అంకెను నీరుగా మార్చవలసినది కింది ఉద్యోగి. హెడ్ రెగ్యులేటరు దగ్గర గేజి చదివి పుస్తకంలో రాసేవాడు ఒకడు. జిల్లా మారే చోట, జోను మారే చోట మళ్లీ చదివేవాడు ఇంకొకడు. నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల మధ్య వాటా తగవు ఎప్పుడు వచ్చినా ముందు అడిగేది ఆ పుస్తకాన్నే. మూడు జిల్లాల ఇంజనీర్లూ ఆ రీడింగును ఒప్పుకున్నంతకాలం పేచీ మాటలతో పోయింది. ఒప్పుకోనినాడు రైతులు కాలువ గట్టెక్కారు.

అజ్మాయిషీ సంగతి కూడా ఇటువంటిదే. పంట కాలంలో రెవెన్యూ, నీటిపారుదల, వ్యవసాయ శాఖలవారు కలిసి పొలంలోకి దిగి, ఏ సర్వే నెంబరులో ఏ పంట, ఎంత తడి అన్నది ఉమ్మడిగా రాయాలి. మూడు శాఖల సంతకాలు ఒకే పట్టీ మీద పడాలి. అది సక్రమంగా జరిగిన గ్రామంలో నీటి తీరువా మీద ఫిర్యాదులు తక్కువ. ఒక్కొక్క శాఖ తన కార్యాలయంలోనే కూర్చుని అంకెలు వేసుకున్న చోట మూడు లెక్కలు మూడు దారులు పట్టాయి. పై స్థాయుల సహకారం గురించి మనం పెద్ద మాటలు వింటుంటాము. దాని అసలు రూపం ఒక పట్టీ మీద మూడు సంతకాలు.

అప్పు ఇచ్చిన బ్యాంకు

కాలువ తవ్వడం ఒక ఎత్తు, పిల్లకాలువలు తవ్వి నీటిని పొలం దాకా చేర్చడం మరొక ఎత్తు. 1970 తరువాత రాష్ట్ర ఖజానాకు ఆ రెండవ పని మోయలేని భారమైంది. 1974 ప్రాంతంలో కేంద్రం ఆయకట్టు అభివృద్ధి పథకాన్ని తెచ్చింది. 1976లో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల, ఆయకట్టు అభివృద్ధి పథకానికి 14.5 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. సాగర్ కాలువల పనులు అందులో ప్రధానం. అంతకు ముందే 1971లో పోచంపాడుకు, అంటే నేటి శ్రీరాంసాగర్‌కు, బ్యాంకు అనుబంధ సంస్థ నుండి రుణం వచ్చింది. 1986లో, 1997లో మళ్లీ శ్రీరాంసాగర్‌కు రుణాలు వచ్చాయి.

బ్యాంకు రుణంతోపాటు షరతులు కూడా వచ్చాయి. పొలాన్ని చదును చేయాలి, తూము దగ్గర కొలత పెట్టాలి, వారబందీ పాటించాలి, తీరువా వసూలు పెరగాలి. ఈ షరతులను విదేశీ పెత్తనమని తిట్టినవారు ఉన్నారు. అవి లేకుంటే రాష్ట్ర ప్రభుత్వం పిల్లకాలువల జోలికే వచ్చేది కాదని మెచ్చుకున్నవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. బ్యాంకు మిషను వచ్చిన రోజుల్లో ఫైళ్లు ఎంత చురుకుగా కదిలాయో మనలో చాలామంది చూసినదే. వారు కారెక్కి పోయిన తరువాత ఆ చురుకు ఎంతకాలం నిలిచిందో కూడా చూసినదే. వేరొకరి షరతు మీద చేసిన పని, ఆ షరతు ఉన్నన్నాళ్లే నడుస్తుంది. మన అవసరం అనుకుని చేసిన పని మాత్రమే తరువాత కూడా నిలుస్తుంది.

నీటి సంఘాలు

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. రాజస్థాన్ తరువాత ఆ పని చేసిన రాష్ట్రం మనదే. కాని గ్రామ పంచాయతీకి బడి ఇచ్చారు, బావి ఇచ్చారు, వీధి దీపం ఇచ్చారు, కాలువ ఇవ్వలేదు. కాలువ ఊరి మధ్యనుండి పోతున్నా అది సర్కారు సొత్తు. తూము చెడితే పంచాయతీ తీర్మానం చేసి పంపడం, ఆ కాగితం సబ్ డివిజన్ కార్యాలయంలో పడి ఉండటం ఆనవాయితీ.

ఆ లోటు తీర్చడానికి 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చింది. అదే సంవత్సరం జూన్‌లో రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. కింద నీటి సంఘం, దానిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. దేశం నలుమూలలనుండి అధికారులు వచ్చి చూసిపోయిన ప్రయోగం ఇది. అంతకు ముందు ఏడే తీరువా పెంచారు. ఆ వసూలులో కొంత భాగాన్ని తిరిగి సంఘాలకే ఇచ్చి మరమ్మతులు చేయించాలన్నది ఉద్దేశం.

మొదటి రెండు మూడేళ్లు ఫలితం కనిపించింది. ఏళ్లతరబడి పూడిక తీయని మైనర్లలో పూడిక తీశారు, షట్టర్లు బాగుచేశారు, చివరి భూములకు నీరు దిగింది. ఇంజనీరు తమ మేజరు మీద ఏం ఖర్చుపెడుతున్నాడో రైతులు మొదటిసారి అడిగి తెలుసుకున్నారు. తరువాత నిధులు తగ్గాయి. కొన్ని చోట్ల సంఘాధ్యక్షుడే కాంట్రాక్టరైనాడు. ఎన్నికలు వాయిదా పడ్డాయి. 2014 తరువాత తెలంగాణలో ఈ సంఘాలు చాలావరకు నిద్రాణస్థితిలో పడ్డాయి. పైవారందరికీ అధికారం, నిధులు, సిబ్బంది. అన్నిటికన్నా కింది అంతస్తుకు బాధ్యత మాత్రమే. అందరూ అందలమెక్కితే మోసేవారెవరన్న సామెత ఇక్కడ చక్కగా సరిపోతుంది.

ఐరోపా దేశాలు 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం చేసుకున్నప్పుడు ఒక సూత్రం రాసుకున్నాయి. కింది స్థాయిలో సరిగ్గా జరిగే పనిని పై స్థాయి చేతిలోకి తీసుకోరాదు, కింద జరగలేని పనినే పైకి తేవాలి. మనం ఆ సూత్రాన్ని దూరదేశంనుండి నేర్చుకోనక్కరలేదు. చెరువు కింద నీరు పంచే నీరటికాడిని ఊరే పెట్టుకున్న కాలంలో అది మన గ్రామాల్లో ఉన్నదే. కాలువ వచ్చి నీరటికాడిని లస్కరును చేసింది. లస్కరు పదవీ విరమణ చేసిన చాలా చోట్ల అతని స్థానంలోకి ఎవరూ రాలేదు.

మళ్లీ రెండు రాష్ట్రాలు

2010లో ప్రపంచబ్యాంకు సాగర్ కాలువల ఆధునికీకరణకు 45.06 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. రాష్ట్ర వాటాతో కలిపి పథకం విలువ 4,444 కోట్ల రూపాయలు. లైనింగు, తూములు, షట్టర్ల పనులు సాగుతుండగానే 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. ఒకే పథకం, ఒకే రుణం రెండు రాష్ట్రాల మధ్య పంచుకోవలసి వచ్చింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడింది. కోదాడ, హుజూర్‌నగర్ అందులోకి వచ్చాయి, మిర్యాలగూడ నల్గొండలో ఉండిపోయింది. ఆ విధంగా ఒకప్పుడు ఒక కలెక్టరు కింద ఉన్న కాలువ ముక్క ఇప్పుడు ఇద్దరి కింద, ఒక ముఖ్యమంత్రి కింద ఉన్న కాలువ ఇద్దరి కింద నడుస్తున్నది.

2014 పునర్విభజన చట్టం కేంద్రమంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులతో అపెక్స్ కౌన్సిల్‌ను, దాని కింద కృష్ణా నది యాజమాన్య బోర్డును ఏర్పాటు చేసింది. 2015లో 811 టి.ఎం.సి.లలో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా ఒప్పుకున్నారు. ఆ తాత్కాలికమే ఏటా సాగుతూ వచ్చి, తెలంగాణ అభ్యంతరానికి కారణమైంది. 2021 జులైలో కేంద్రం ప్రాజెక్టులను బోర్డు పరిధిలోకి తెస్తూ గెజెట్ ఇచ్చింది. అప్పగింత మాత్రం పూర్తికాలేదు. 2023 అక్టోబరులో రెండు రాష్ట్రాల మధ్య పంపకం విషయాన్ని కూడా రెండవ ట్రిబ్యునల్‌కు అప్పగించారు.

2023 నవంబరు 30న, తెలంగాణ శాసనసభ పోలింగు రోజు తెల్లవారుజామున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆనకట్ట మీదికి వచ్చి 26 గేట్లలో 13 గేట్ల వరకు తమ అధీనంలోకి తీసుకుని కుడి కాలువకు నీరు వదిలారు. రెండు రాష్ట్రాల పోలీసులు ఆనకట్ట మీద ఎదురెదురుగా నిలబడ్డారు. కేంద్ర హోంశాఖ కల్పించుకుని, నవంబరు 28నాటి స్థితి పాటించాలని ఒప్పించి, కాపలాకు కేంద్ర రిజర్వు పోలీసు దళాన్ని పెట్టింది. ఉమ్మడి కంట్రోల్ బోర్డుతో మొదలైన ఆనకట్ట కథ తుపాకుల కాపలా దాకా వచ్చింది. ఒకరి రీడింగును ఒకరు నమ్మకపోవడమే దీనికి మూలం. ఎవరు ఎంత తీసుకున్నారన్నది ఇద్దరూ చూడగలిగేలా టెలిమెట్రీ యంత్రాలు పెట్టాలన్న నిర్ణయం ఏళ్లతరబడి నానుతూ రావడం ఇందుకు సాక్ష్యం.

ఆ మరుసటి సంవత్సరం 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడింది. పొలాలు మునిగాయి. గండి పూడ్చేదాకా దిగువకు నీరు ఆగింది. గట్టు తెగేముందు నీరు ఊరడం, గట్టు జారడం వంటి ఆనవాళ్లను పోల్చగలిగేది రోజూ గట్టు వెంట నడిచే మనిషి. ఆ మనిషిని తీసేసి, గట్టు తెగిన తరువాత కోట్లు ఖర్చుపెట్టడం మన పాలనకు అలవాటైపోయింది.

మన పని

ఈ డెబ్బై ఏళ్ల చరిత్ర చెప్పేది ఒక్కటే. పై అంతస్తులు కలిస్తే ఆనకట్ట వస్తుంది, డబ్బు వస్తుంది, వాటా వస్తుంది. నీరు మాత్రం కింది అంతస్తు గట్టిగా ఉంటేనే వస్తుంది. అన్ని అంతస్తులనూ కలిపే దారం ఉపన్యాసం కాదు, అందరూ నమ్మే ఒక లెక్క. గేజి పుస్తకం, అజ్మాయిషీ పట్టీ, సంఘం పద్దు – ఈ మూడూ నిజాయితీగా ఉన్నచోట ఢిల్లీ, హైదరాబాదు, అమరావతి, వాషింగ్టన్ అన్నీ పనికివచ్చాయి. అవి లేనిచోట ఏదీ పనికిరాలేదు.

విశ్రాంత ఉద్యోగులుగా మనకు అధికారం లేదు, జ్ఞాపకం ఉన్నది. ఏ మేజరు మీద ఏ తూము మొదట ఎక్కడ పెట్టారు, ఏ గట్టు ఏ వానకు జారింది, ఏ ఊళ్ల మధ్య వంతు ఎలా కుదిరింది అన్నది మన సభ్యుల తలల్లో ఉన్నంత వివరంగా కార్యాలయాల్లో లేదు. కనుక సంఘ కార్యవర్గానికి రెండు మనవులు. మొదటిది, మూడు యూనిట్లలోని నీటిపారుదల, రెవెన్యూ, వ్యవసాయ శాఖల సభ్యుల చేత కాలువ వివరాలు మేజరు వారీగా రాయించి, ఒక ప్రతి రెండు జిల్లాల కలెక్టర్లకు అందజేయాలి. రెండవది, నీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిపి, నిధులు, లస్కర్లు ఇవ్వాలని మన మహాసభలో తీర్మానం చేయాలి. డి.ఎ. బకాయిల తీర్మానం పక్కన ఈ తీర్మానం కూడా ఉండటం మనకు గౌరవమే. పెన్షను మన హక్కు. కాలువ మన పిల్లల అన్నం.